తోక నీవైపే ఉంచు

“తోక నీవైపు, ముక్కు అవతలికి. అలా ఉన్నంతసేపు నీ కుడే దాని కుడి, నీ ఎడమే దాని ఎడమ. ముక్కు నీకేసి తిరిగిందా, నేర్చుకున్నదంతా తారుమారు. వింటున్నావా?”

“వింటున్నా బాబాయ్.”

నిజానికి వినడం లేదు. నా కళ్లు ఐదు మీటర్ల అవతల, ఎర్రమట్టి మీద కూర్చున్న ఎనిమిది వందల గ్రాముల యంత్రం మీదున్నాయి. రెండు చేతుల్లో రిమోట్. రెండు బొటనవేళ్ల కింద రెండు స్టిక్కులు. ఎడమది పైకి తోస్తే లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది, పక్కలకి కదిపితే తోక తిరుగుతుంది. కుడిది ఎటు తోస్తే యంత్రం అటు వాలుతుంది. కాగితం మీద ఇంతే.

అది 2012 ఫిబ్రవరి. గజ్వేల్ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లె, ఆదివారం కాబట్టి బడి గ్రౌండు ఖాళీ. గాలి లేచేలోపు పని అయిపోవాలని అల్వాల్ నుంచి చీకటుండగానే బండి మీద బయల్దేరాం. మా ఇంటి చుట్టుపక్కల గ్రౌండ్లకి కొదవ లేదు. కానీ హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దరిదాపుల్లో రిమోట్ సంచిలోంచి తీయడం కూడా బాబాయ్ దృష్టిలో నేరమే. ఏళ్ల తరబడి చేతక్ హెలికాప్టర్లకి నట్లు బిగించి రిటైరయిన మనిషి. ఆకాశంలో మనుషులు తిరిగే చోట బొమ్మలు తిరగకూడదన్నది ఆయన మాట. ఇప్పుడు 2021 డ్రోన్ రూల్సు ఉన్నాయి. సరదాకో చదువుకో కంటికి ఆనేంత దూరంలో ఎగరేసే మోడళ్ల ప్రస్తావన అందులో విడిగా ఉంది, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే మ్యాపునీ ప్రభుత్వమే పెట్టింది. మొదలుపెట్టేవాళ్లు హెలికాప్టర్ కొనడానికి ముందే ఆ మ్యాపు చూసుకోవాలి. అప్పట్లో మాకున్న రూల్సు బాబాయ్ ఒక్కడే.

“ముందు ఏది ఆన్ చెయ్యాలి?”

“రిమోట్. తర్వాత హెలికాప్టర్.”

“ఆపేటప్పుడు?”

“ముందు హెలికాప్టర్. తర్వాత రిమోట్.”

“ఎందుకు?”

“రిమోట్ లేకుండా దానికి ప్రాణం ఉండకూడదు కాబట్టి.”

తల ఊపాడు. “కానియ్.”

స్టిక్కు మెల్లగా పైకి తోశాను. రెక్కలు ముందు విడివిడిగా కనబడ్డాయి, ఆ తర్వాత పొగమంచు పళ్లెంలా కలిసిపోయాయి. మట్టి చుట్టూ లేచింది. కాళ్ల మీద బరువు తగ్గుతున్నకొద్దీ యంత్రం ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలింది. నేల వదిలింది. వదిలీ వదలగానే ఎడమకి జారింది.

కుడికి తోశాను. కుడికి వచ్చింది, నేను అడిగినదానికన్నా ఎక్కువగా వచ్చింది. ఎడమకి తోశాను. ఈసారి ఇంకా గట్టిగా ఎడమకి వాలింది. నా వేలు చెప్పిన మాట అది వినేసరికి నేను ఇంకో మాట చెప్తున్నాను. ఉయ్యాల ఊపు పెరిగినట్టు ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దది. మూడో ఊపులో రెక్క అంచు నేలకి తగిలింది. చెక్క విరిగిన చప్పుడు, గేరు పళ్లు రాలుతున్న గరగర, మట్టి. యంత్రం పక్కకి పడి, కోసిన కోడిలా గిలగిల్లాడుతోంది. నేను స్టిక్కు పట్టుకుని బిగుసుకుపోయాను. బాబాయ్ వేలు నా భుజం మీదుగా వచ్చి రిమోట్ పైఅంచున ఉన్న స్విచ్చిని కొట్టింది. మోటారు ఆగింది.

“దీన్నే హోల్డ్ అంటారు. పడుతోందని తెలియగానే ఇది కొట్టాలి. పడ్డాక కాదు.”

నాతో ఆయన ఆ పూట మాట్లాడిన ఆఖరి మాట అదే. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరాం. ఒక చెక్క పెచ్చు పది మీటర్ల అవతల దొరికింది.

ఆ పెచ్చు నా దగ్గర ఇంకా ఉంది. ఎందుకు దాచానంటే, ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మాది 450 సైజు హెలికాప్టర్. ఒక్కో రెక్క 325 మిల్లీమీటర్లు, తిరిగేటప్పుడు ఈ కొసనుంచి ఆ కొసకి దాదాపు 70 సెంటీమీటర్ల చక్రం. నిమిషానికి 2,500 చుట్లు. అంటే రెక్క కొస గంటకి 330 కిలోమీటర్ల వేగంతో గాలిని కోస్తోంది. 2013లో న్యూయార్క్‌లో తన హెలికాప్టరే తగిలి ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అతనిది మాదానికన్నా చాలా పెద్ద మోడల్, అతను ఆరితేరినవాడు కూడా. మోడల్ హెలికాప్టర్‌ని బొమ్మ అని పిలిచేవాళ్లని నేను ఆపేది అందుకే. పిల్లలు చూడ్డానికి వస్తే బాబాయ్ ముందు కాలితో మట్టిలో గీత గీసేవాడు. ఒక్క పిల్లవాడు గీత దాటినా ఆ రోజుకి ఎగరేయడం అయిపోయినట్టే.

*

ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద దినపత్రిక పరిచి, పడినదాన్ని విప్పాం. విప్పడం మొదలుపెట్టాకే నాకు హెలికాప్టర్ అంటే ఏమిటో తెలిసింది.

బాబాయ్ కిటికీ అద్దం ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధ్యలో నిలబడే ఉక్కు కడ్డీని, అదే మెయిన్ షాఫ్ట్‌ని, ఊడదీసి ఆ అద్దం మీద దొర్లించాడు. కంటికి నిటారుగా ఉన్న కడ్డీ అద్దం మీద టక్ టక్ మంటూ గెంతింది.

“వంగింది. చేత్తో చూస్తే తెలీదు. ఇది తెలీక కొత్త రెక్కలు వేసి ఎగరేశావనుకో, యంత్రమంతా వణుకుతుంది. నువ్వు మోటారు బాలేదనుకుంటావు.”

రెక్కలు రెండూ పోయాయి. రెక్కల్ని కలిపే చిన్న ఇరుసు వంగింది. పెద్ద గేరుకి తొమ్మిది పళ్లు లేవు. తోక గొట్టం నొక్కుకుపోయింది. విడిభాగాలు హాంకాంగ్ నుంచి పోస్టులో రావాలి, మూడు వారాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ జాబితాని ముందే రాసుకుని, రెండేసి జతలు కొనిపెట్టుకుంటే మంచిది. మొదటి పది సార్లు పడినప్పుడు విరిగేవి దాదాపు ఇవే. రెక్కలు మాత్రం చెక్కవి కొనాలి. చెక్క విరిగిపోయి, తగిలిన దెబ్బ చాలావరకు తనే మింగుతుంది. గట్టి కార్బన్ రెక్కలు తాము నిలబడి, ఆ దెబ్బని లోపలి భాగాలకి పంపిస్తాయి.

అన్నిటికన్నా చివర, రెక్కలకి అడ్డంగా ఉండే సన్నటి తీగలాంటి కడ్డీ ఒకటి బయటికొచ్చింది. రెండు చివరలా అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ చెంచాలు. దాన్ని ఫ్లైబార్ అంటారు. విల్లులా వంగిపోయింది.

“ఇది లేకుండా ఎగరదా?”

బాబాయ్ ఆ కడ్డీని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. “మా చేతక్‌కి లేదు. దానికి మూడు రెక్కలు, లెక్క వేరు. కానీ రెండు రెక్కలవాడికి ఇదే వెన్నెముక. దీని కోసం ఒకాయన పదేళ్లకి పైగా బొమ్మలు పగలగొట్టుకున్నాడు. మోడల్ హెలికాప్టర్ ఎగరేయడం మనకన్నా ముందు నేర్చుకున్నవాడు ఆయన.”

*

ఆయన పేరు ఆర్థర్ యంగ్. 1905లో పుట్టాడు. తండ్రి పెన్సిల్వేనియాలో పేరున్న చిత్రకారుడు. కొడుకు ప్రిన్స్‌టన్‌లో లెక్కలు చదివి 1927లో బయటికొచ్చి, జీవితంలో తను పరిష్కరించదగ్గ చిక్కు ఏదో ఒకటి కావాలని గ్రంథాలయాల వెంట తిరిగాడు. మరుసటేడు దొరికింది. ఉన్నచోటు నుంచి నిట్టనిలువునా లేచే యంత్రం.

ఫ్లెట్నర్ అనే జర్మన్ ఇంజినీరు గాలిమర ఆలోచన ఒకటి యంగ్ మనసులో పడింది. పెద్ద రెక్కల చివరల్లో చిన్న ప్రొపెల్లర్లు పెట్టి, అవి లాగుతుంటే పెద్ద రెక్కలు తిరిగేలా. ఆ దారినే నమ్ముకున్నాడు. రబ్బరు బ్యాండ్లతో చేశాడు, కరెంటు మోటార్లతో చేశాడు. మోడల్ పెద్దదవుతున్నకొద్దీ పగిలినప్పుడు పోయేదీ పెద్దదే. నెలల తరబడి కట్టినది క్షణంలో చెదిరిపోయేది, మళ్లీ నెలలు. అలా దాదాపు పదేళ్లు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఎంతో ఇష్టం. పదేళ్లు నమ్ముకున్న దారిని పక్కన పెట్టేశాడు. ఫిలడెల్ఫియాకి దగ్గర్లో పావోలీ అనే ఊళ్లో పాత కొట్టం ఒకటి బాగుచేయించుకుని, ఈసారి చిన్న మోడళ్లు కట్టాడు. మధ్యలో మోటారు, పైన రెండు రెక్కలు. ఇవాళ పడితే త్వరలోనే మళ్లీ గాలిలో ఉండేంత చిన్నవి.

లేచేవి. లేవడం ఎప్పుడూ కష్టం కాలేదు. లేచాక ఒక పక్కకి జారేవి, తేరుకోబోయి రెండో పక్కకి ఇంకా ఎక్కువగా జారేవి, మూడో ఊపులో నేలకి కొట్టుకునేవి.

ఇది విన్నప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పొద్దున గ్రౌండులో నేను చూసింది అచ్చంగా అదే. నా చేతి తప్పు అనుకున్నది హెలికాప్టర్ స్వభావంలోనే ఉంది. రెక్కల కింద బరువు వేలాడుతోంది కదా, గడియారం లోలకంలా దానంతటదే నిలకడకి వస్తుందని మనకి అనిపిస్తుంది. రాదు. రెక్కల పళ్లెం వాలినప్పుడు, ఎత్తే బలం కూడా దానితోపాటే వాలిపోతుంది. తిరిగి నిలబెట్టేది ఏదీ మిగలదు. చీపురు కట్టని అరచేతిలో నిలబెట్టినట్టే, చెయ్యి ఆగితే కట్ట పడుతుంది.

యంగ్ పట్టుకున్న కిటుకు చిన్నది. రెక్కలకి అడ్డంగా, రెండు చివరలా బరువులున్న కడ్డీని పెట్టి, దాన్నీ వాటితోపాటే తిప్పాడు. తిరుగుతున్న బొంగరం ఒరగడానికి ఎంత మొండికేస్తుందో ఆ కడ్డీ అంత మొండికేస్తుంది. కింద యంత్రం వాలినా పైన కడ్డీ తన సమతలం అంత త్వరగా వదలదు. ఆ కడ్డీనీ రెక్కలనీ చిన్న లింకులతో కలిపాడు. యంత్రం వాలగానే, వాలని కడ్డీ రెక్కల కోణాన్ని మార్చి పళ్లేన్ని మళ్లీ సమంగా తెస్తుంది. రెక్కలు యంత్రం మాట కాకుండా కడ్డీ మాట వినడం మొదలుపెట్టాయి. మోడల్ గాలిలో నిలబడింది.

అప్పటి సినిమా రీళ్లు మిగిలాయి. ఆ తర్వాత ఎప్పుడో చూశాను. తీగ ద్వారా కరెంటు అందుకుంటూ, తీగ ద్వారానే ఆజ్ఞలు అందుకుంటూ, మోడల్ కొట్టంలోంచి తలుపు గుండా ఆరుబయటికి ఎగురుకుంటూ వస్తుంది. గాలిలో ఉన్నచోటే నిలబడడాన్ని ఇప్పుడు మనం ఇరవై నిమిషాల పాఠంలో హోవర్ అని చెప్పేస్తాం, ఆ మాట వెనక ఆ తలుపు ఉంది. ఇన్నిసార్లు చూసినా ఆ తలుపు దాటే క్షణంలో నా బొటనవేళ్లు వాటంతటవే కదులుతాయి.

1941 సెప్టెంబరులో యంగ్ ఆ మోడల్‌ని బఫెలో నగరానికి తీసుకెళ్లి, పీ-39 యుద్ధవిమానాలు కడుతున్న బెల్ కంపెనీ వాళ్ల ముందు ఎగరేశాడు. రెండు నిజం హెలికాప్టర్లు కట్టడానికి ఒప్పందం కుదిరింది. చిన్ననాటి స్నేహితుడు బార్ట్రమ్ కెల్లీ తోడు వచ్చాడు. మనిషి కూర్చునే మొదటి యంత్రం 1942 డిసెంబరు చివర్లో తాళ్లతో కట్టి ఉండగా నేల వదిలింది, నడిపింది యంగే. ఆ పరంపరలో వచ్చిన బెల్ 47కి 1946 మార్చి 8న అమెరికాలో పౌరవిమానంగా సర్టిఫికెట్ దొరికింది. అక్కడ అలా దొరికిన తొలి హెలికాప్టర్ అదే. గాజు బుడగలాంటి ముందుభాగం, ఎముకల్లా కనబడే తోక. పాత ఇంగ్లీషు సినిమాల్లో చూసే ఉంటారు. ఒకటి ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉంది.

“మరి ఈ చెంచాలో?” అన్నాను, ప్లాస్టిక్ ముక్కలు చూపించి. “ఆయన పెట్టింది బరువులన్నావు కదా.”

“అవి ఇంకొకడివి. వాడికి నీకన్నా పదేళ్లు తక్కువ.”

స్టాన్లీ హిల్లర్. పదిహేడేళ్లు నిండకముందే మోడల్ విమానాల ఇంజన్లతో బొమ్మ రేసు కార్లు చేసి అమ్మినవాడు. పంతొమ్మిదేళ్లకి, 1944లో, కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీ స్టేడియంలో తను కట్టిన హెలికాప్టర్‌లో కూర్చుని లేచాడు. తర్వాత్తర్వాత తన యంత్రాలకి అడ్డకడ్డీ పెట్టినప్పుడు చివరల్లో బరువులకి బదులు చిన్న రెక్కలు పెట్టాడు. పైలట్ చేతి స్టిక్కు ఆ చిన్న రెక్కల్నే వాలుస్తుంది, అవి గాలిని పట్టుకుని కడ్డీని వాలుస్తాయి, కడ్డీ పెద్ద రెక్కల్ని వాలుస్తుంది. పెద్ద రెక్కల్ని కదపడానికి చిన్న బలం చాలు.

మోడల్ కట్టేవాళ్లకి కావలసింది సరిగ్గా ఇదే. రిమోట్ మాట విని రెక్కల్ని కదిపే వాళ్ల సర్వో మోటార్లకి ఉన్నదే చిన్న బలం. జర్మనీలో డీటర్ ష్లూటర్ హిల్లర్ తరహా చెంచాలనే వాడి, హ్యూయీ కోబ్రా అనే యుద్ధ హెలికాప్టర్ ఆకారంలో కట్టిన మోడల్‌ని 1970లో రేడియోతో అదుపులో ఎగరేసి చూపించాడు. ఆ కిట్టుతోనే ఈ సరదా లోకమంతా పాకింది. ఆ రోజుల్లో తోకని నిలబెట్టే గైరో లేదు. ఎత్తు పెంచిన ప్రతిసారీ తోక తిరగబోతుంది, ప్రతిసారీ వేలితోనే దాన్ని పట్టాలి. నేర్పే మనిషి లేడు, నేర్పే పుస్తకం లేదు. తర్వాత ఆ పుస్తకం రాసింది కూడా ష్లూటరే.

బాబాయ్ వంగిన కడ్డీని పక్కన పెట్టి, కొత్తది వచ్చేదాకా ఏం చెయ్యాలో చెప్పాడు.

*

మూడు వారాలు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రిమోట్‌నే తీగతో కంప్యూటర్‌కి కలిపితే తెర మీద హెలికాప్టర్ ఎగురుతుంది. స్టిక్కు అదే, వేలు అదే. తెర మీద పడితే ఒక మీట నొక్కగానే కొత్తది ప్రత్యక్షమవుతుంది. ప్రమాదం ఉన్నదీ అక్కడే. వేలికి భయం రాదు. బాబాయ్ ఒక నియమం పెట్టాడు. పడిన ప్రతిసారీ రిమోట్ ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం ఊరికే కూర్చోవాలి. ఆ నిమిషంలో ఏ వేలు ఏం చేసిందో గుర్తు తెచ్చుకోవాలి. మొదటిరోజు గంటలో నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాను. రెండో వారానికి అది పది నిమిషాలయింది.

ఆ నిమిషాల్లో నాకు తెలిసింది ఒకటుంది. నేను యంత్రం ఎక్కడుందో చూసి వేలు కదుపుతున్నాను. చూడాల్సింది ఎటు వాలుతోందో. అది జరిగాక కాదు, వాలడం మొదలవుతుండగానే ఒక చిటికెడు ఎదురు తోసి, వెంటనే ఆ చిటికెడూ వెనక్కి తీసేయాలి. తోసి పట్టుకుంటే ఊపు మొదలవుతుంది. ఉప్పు వేసినట్టు వేయాలని మా అమ్మ పక్కనుంచి అంది. హెలికాప్టర్ గురించి నాకెవరూ అంతకన్నా బాగా చెప్పలేదు.

ఎడమకి ఎందుకు జారిందో కూడా అప్పుడే అడిగాను. మోడళ్లలో ఎక్కువగా పెద్ద రెక్కలు, పైనుంచి చూస్తే గడియారం ముల్లు దారిలో తిరుగుతాయి. చేతక్‌దీ అదే దారి. అమెరికావాళ్లది ఎదురుదారి. రెక్కలు ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది, తోక ఫ్యాను దాన్ని ఆపుతుంది. కానీ ఆపడానికి అది నెట్టే నెట్టుడు మొత్తం యంత్రాన్నే ఎడమకి తోస్తుంది. అందుకే గాలిలో కదలకుండా నిలబడ్డ మోడల్‌ని వెనకనుంచి జాగ్రత్తగా చూస్తే, ఒక పిసరు కుడికి ఒరిగి ఉంటుంది. సమంగా ఉంచాలని పట్టుబట్టినవాడికి ఎప్పటికీ నిలబడదు.

పార్సెల్ వచ్చింది. ఈసారి బిగింపులు నా చేతే చేయించాడు. ఇనుములో ఇనుము బిగించే ప్రతి స్క్రూకీ సూది మొనంత జిగురు, లేకపోతే వణుకుకి ఊడొస్తుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూకి వద్దు. మోటారు చిన్న గేరుకీ పెద్ద గేరుకీ మధ్య సందు ఎంతుండాలో చెప్పడానికి ఆయన స్కేలు తీయలేదు, నోటుపుస్తకంలోంచి కాగితం చింపి రెండు గేర్ల మధ్య పెట్టి నొక్కి బిగించమన్నాడు. కాగితం లాగేస్తే మిగిలేదే సందు. కొత్త రెక్కల కొసలకి ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి నీలం. దూరంగా నిలబడి, తిరుగుతున్న రెక్కల అంచుని కంటి ఎత్తులో చూస్తే, రెండూ ఒకే గీత మీద ఉండాలి. మాకు ఎరుపు పైన, నీలం కింద, రెండు గీతలు కనబడ్డాయి. ఎర్రదాని లింకు అరచుట్టు బిగించాం. ఒక్క గీత అయింది. వణుకు పోయింది.

బ్యాటరీ విషయంలో ఆయన పట్టుదల నాకు అప్పట్లో ఎక్కువనిపించేది, ఇప్పుడు అదే పట్టుదల నాది. మూడు సెల్లుల లిథియం పాలిమర్, నిండినప్పుడు సెల్లుకి 4.2 వోల్టులు. పూర్తిగా ఖాళీ చేస్తే చచ్చిపోతుంది, నిండుగా రోజుల తరబడి ఉంచితే ఉబ్బుతుంది. వాడనప్పుడు సెల్లుకి 3.8 దగ్గర ఉంచాలి. ఛార్జింగ్ మట్టికుండలో, పెరట్లో, మనిషి పక్కన ఉండగానే. పడి నొక్కుకుపోయిన బ్యాటరీని ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. ఎగిరేది ఐదు నిమిషాలు, దాని కోసం ఛార్జర్ దగ్గర గంట కాపలా. ఆ గంటని తిట్టుకునేవాళ్లు ఈ పనికి రాకపోవడమే మేలు.

*

మార్చిలో మళ్లీ అదే గ్రౌండు. ఈసారి హెలికాప్టర్ కాళ్లకి రెండు సన్నటి కార్బన్ పుల్లలు ఒకదానికొకటి అడ్డంగా కట్టాం. నాలుగు కొసలకీ నాలుగు టేబుల్ టెన్నిస్ బంతులు. దిగేటప్పుడు ఒక పక్కకి వాలినా బంతి ముందు తగిలి, రెక్క నేలకి అందదు. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది. నేర్చుకునేవాడికి ఆ నాలుగు బంతులు నడక నేర్చే పిల్లాడి మూడుచక్రాల బండి.

మొదటి రెండు బ్యాటరీలూ లేవనే లేదు. కాళ్ల మీద బరువు పోయేంతవరకు తెచ్చి, నేల మీదే జరపడం. తోక పట్టుకోవడం. దింపడం. మళ్లీ. మూడోదానికి చెయ్యెడు ఎత్తు. అంత తక్కువ ఎత్తులో రెక్కలు కొట్టిన గాలే నేలకి తగిలి తిరిగొచ్చి యంత్రాన్ని కుదిపేస్తుంది. ఇది తెలీక కొత్తవాళ్లు భయంతో నేలకి దగ్గరగానే ఉంచుతారు, అక్కడే ఎక్కువ కష్టపడతారు.

“లేపు. ఇంకా లేపు. నీ నడుం దాటనియ్.”

“పడితే?”

“పడితే ఏం చెయ్యాలో నీకు తెలుసుగా.”

లేపాను. నడుం దాటగానే కుదుపు పోయింది. చెరువు మధ్యలోకి వచ్చిన తెప్పలా నెమ్మదించింది. ఎడమకి జారబోయింది, చిటికెడు కుడి. ముందుకి ఒరగబోయింది, చిటికెడు వెనక్కి. ఎంతసేపో తెలీదు. నా ఊపిరి నాకు వినబడింది. ఫ్లైబార్ చెంచాలు ఎండలో వెలుగు చక్రంలా కనబడుతున్నాయి.

అలా నాలుగు ఆదివారాలు. ఐదో ఆదివారం గాలి కాస్త తొందరగా లేచింది. తోక గాలికి చిక్కి, గైరో పట్టుకోబోయేలోపే ముక్కు నావైపు తిరిగింది.

నా కుడి దాని ఎడమ అయింది. యంత్రం నా కుడిచేతివైపు వాలుతోంది. వేలు ఇన్ని వారాల అలవాటు కొద్దీ ఎడమకి పోబోయింది.

“ఎటు పడుతోందో అటే తొయ్!” బాబాయ్ గొంతు.

పడుతున్నవైపే తోశాను. పడేదాన్ని ఇంకా పడదోస్తున్నట్టు ఒళ్లు జలదరించింది. నిలబడింది. ఎదురుగా, ముక్కుతో నన్నే చూస్తూ, నడుం ఎత్తులో నిలబడింది. ఎడమ వేలితో తోకని మెల్లగా తిప్పి, మళ్లీ నావైపుకి తెచ్చి, దింపాను. దిగాక హోల్డ్ కొట్టాను. అప్పటికి చేతులు వణకడం మొదలైంది, ముందు కాదు.

ఇప్పటి హెలికాప్టర్లలో ఆ అడ్డకడ్డీ చాలావరకు లేదు. దాని పని మూడు దిక్కుల గైరోలున్న చిన్న పెట్టె చేస్తోంది. కొన్నిటిలో ఒక మీట నొక్కితే యంత్రమే తనంతట తాను సర్దుకుని నిలబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు అలాంటిది కొనడమే మంచిదని నేనే చెప్తాను, చేతులూ డబ్బూ రెండూ మిగులుతాయి. అయినా అలాంటిది ఎవరైనా నా ముందు ఎగరేసినప్పుడు, పైన ఆ కడ్డీ ఉండాల్సిన చోటుకే నా కళ్లు పోతాయి.

బాబాయ్ గ్రౌండులోకి నడిచి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా నిలబడి, బ్యాటరీ తీగ ఊడదీశాడు. నేను రిమోట్ ఆపాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. పుల్లల్ని కాళ్లకి కట్టిన ప్లాస్టిక్ బిగింపుల్లో ఒకటి తెంపాడు. మిగతా మూడూ నన్ను తెంపమని ప్లయర్ నా చేతికిచ్చాడు.

నాలుగు బంతులూ మట్టి దులిపి సంచిలో వేసుకున్నాను. నిండిన బ్యాటరీ ఇంకొకటుంది.